జవాబులో ఎన్ని అంకెలుండాలి?



నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాను. ప్రీఫైనల్ పరీక్షలు దగ్గరకొచ్చేసరికి స్టడీ అవర్లో పదో తరగతి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, లెక్క అయితే వచ్చింది. జవాబు 43.3 అని రాయాలా, 43.30125 అని రాయాలా?" అంటారు. పాయింటు తరువాత అంకెలు ఎన్ని ఎక్కువ రాస్తే అంత తెలివైన జవాబని కొందరి నమ్మకం. ఎక్కడ పడితే అక్కడ కొట్టేసి గుండుసున్నా చేస్తే పని సులువని ఇంకొందరి నమ్మకం. రెండూ సరికాదు. సంఖ్యను ఎప్పుడు సవరించాలి, ఎంతవరకు సవరించాలి, అసలు ఎప్పుడు సవరించకూడదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

సార్థక అంకెలు అంటే ఏమిటి?

ఒక సంఖ్యలో మనం నిజంగా నమ్మదగిన అంకెలను సార్థక అంకెలు అంటారు. ఇంగ్లీషు మీడియం వాళ్ళు సిగ్నిఫికెంట్ ఫిగర్స్ అంటారు. ఇవి వేరు, దశాంశ స్థానాలు వేరు. చాలామంది తికమక పడేది ఇక్కడే.

దశాంశ స్థానాలంటే బిందువు తరువాత ఉన్న అంకెల లెక్క. సార్థక అంకెల లెక్క మాత్రం ఎడమ నుంచి మొదటి సున్నా కాని అంకె దగ్గర మొదలవుతుంది. 0.0456 లో దశాంశ స్థానాలు నాలుగు, సార్థక అంకెలు మూడే. 27.38 లో దశాంశ స్థానాలు రెండే, సార్థక అంకెలు నాలుగు.

సున్నాల సంగతి గుర్తుంచుకోండి. ముందున్న సున్నాలు లెక్కలోకి రావు. 0.007 లో సార్థక అంకె ఒకటే. మధ్యలో ఉన్న సున్నాలు లెక్కలోకి వస్తాయి. 3,05,002 లో ఆరు. బిందువు తరువాత చివర ఉన్న సున్నాలు కూడా వస్తాయి. 2.50 లో మూడు. 2.5 మీటర్లు అన్నా 2.50 మీటర్లు అన్నా పొడవు ఒకటే కదా అనుకోవచ్చు. కానీ 2.50 అని రాసినవాడు "సెంటీమీటరు దాకా కొలిచి చూశాను" అని చెబుతున్నాడన్నమాట. ఇక బిందువు లేని 29,000 లాంటి సంఖ్య చివరి సున్నాలు కొలిచినవో, ఊరికే నింపినవో ఆ సంఖ్యను చూసి చెప్పలేం. దీని కథ కింద వస్తుంది.

ముందుగా ప్రశ్న ఏమడిగిందో చదవండి

సవరించాలా వద్దా అన్నది మన ఇష్టం కాదు, ప్రశ్నలోనే ఉంటుంది.

ప్రశ్నలో ఏ ఉజ్జాయింపు విలువా ఇవ్వకపోతే ఖచ్చితమైన జవాబే రాయాలి. సైన్ 60° ఎంత అంటే √3/2 అని రాసి ఊరుకోవాలి. దాన్ని 0.87 చేయనక్కరలేదు. వ్యాసార్థం 6 సెం.మీ. ఉన్న వృత్త వైశాల్యాన్ని π లలో చెప్పమంటే 36π చదరపు సెం.మీ. అక్కడితో ఆగాలి. 1/3 వస్తే 1/3 అనే రాయండి. 0.33 అంటే అది 1/3 కాదు, 33/100.

√3 = 1.732 తీసుకోండి అని ఇస్తే అదే తీసుకోవాలి. ఒక చెట్టు మొదలుకు 25 మీటర్ల దూరం నుంచి చూస్తే కొన 60° ఊర్ధ్వకోణంలో కనిపిస్తే, ఎత్తు 25√3 మీటర్లు. 1.732 పెట్టి గుణిస్తే 43.3 మీటర్లు. ఎవరైనా 1.73205 బట్టీపట్టి 43.30125 అని తెస్తే, చెట్టు ఎత్తును వెంట్రుక మందం కన్నా సన్నగా కొలిచినట్టు అవుతుంది. అలాగని √3 ను 1.7 చేసేస్తే 42.5 వస్తుంది. జవాబులో 80 సెంటీమీటర్లు ఎగిరిపోయాయి. అది కూడా తప్పే.

"రెండు దశాంశ స్థానాలకు సవరించి రాయండి" అంటే రెండే. జవాబు 7.996 వచ్చిందనుకోండి, 8 అని కాదు, 8.00 అని రాయాలి. ఆ రెండు సున్నాలు మనం మాట విన్నామనడానికి సాక్ష్యం.

సవరించేది ఒక్కసారే, అదీ చివరనే

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాట మాత్రమే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. మధ్య మెట్లలో సవరించవద్దు.

మన తండాల్లో, గూడేల్లో అమ్మావాళ్ళు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటారు గనుక ఆ లెక్కే చేద్దాం. అసలు 50,000 రూపాయలు, వడ్డీ సంవత్సరానికి 8 శాతం, చక్రవడ్డీ, 3 సంవత్సరాలు. మొత్తం = 50,000 × 1.08 × 1.08 × 1.08.

1.08 × 1.08 = 1.1664. దీన్ని అలాగే ఉంచి మళ్ళీ 1.08 తో గుణిస్తే 1.259712. కట్టవలసిన మొత్తం 62,985 రూపాయల 60 పైసలు.

ఇప్పుడు తొందరపడే పద్ధతి చూడండి. 1.1664 ను "ఎందుకులే" అని 1.17 చేశాడు. 1.17 × 1.08 = 1.2636. మొత్తం 63,180 రూపాయలు. తేడా 194 రూపాయల 40 పైసలు. మధ్యలో చేసింది చూడటానికి గోరంత, చివరికది దాదాపు రెండు వందల రూపాయలయింది. పరీక్షలో అయితే స్టెప్పులకు మార్కులు దక్కుతాయేమో, చివరి జవాబుకు దక్కవు. ఇంటి దగ్గర అయితే అమ్మ జేబులోంచి పోతాయి.

రెండుసార్లు సవరించడం ఇంకో గోల. ఒకతని సగటు మార్కులు 34.46 అనుకోండి. పూర్ణసంఖ్యకు సవరిస్తే 34. అంతే. కానీ ముందు 34.5 చేసి, తరువాత 35 చేస్తే? ఫెయిలైనవాడు పాసైపోతాడు! 34.46 అనేది 35 కన్నా 34 కే దగ్గర. ఎప్పుడూ అసలు సంఖ్యనే చూసి ఒక్కసారి సవరించాలి, సవరించినదాన్ని మళ్ళీ సవరించకూడదు.

మరి మధ్యలో ఎన్ని అంకెలు ఉంచాలి? జవాబులో కావలసినవాటికన్నా కనీసం రెండు అంకెలు ఎక్కువ ఉంచండి. భిన్నాలైతే భిన్నాలుగానే, √ అయితే √ గానే చివరిదాకా లాక్కురండి. కొట్టివేతలు కూడా సులువవుతాయి.

సరిగ్గా 5 వస్తే ఏం చేయాలి?

తీసేసే అంకె 5 కన్నా తక్కువైతే ముందు అంకె అలాగే ఉంటుంది, ఎక్కువైతే ఒకటి పెరుగుతుంది. సరిగ్గా 5 అయితే బడి గణితంలో పెంచుతాం. 4.65 ను ఒక దశాంశ స్థానానికి సవరిస్తే 4.7. కానీ ఇంటర్ ఫిజిక్సులో కొలతల పాఠానికి వచ్చాక ఇంకో నియమం ఉంది. ముందున్న అంకె సరిసంఖ్య అయితే అలాగే ఉంచాలి, బేసి అయితే పెంచాలి. ఆ ప్రకారం 4.65 అయితే 4.6, 4.75 అయితే 4.8. ప్రతిసారీ పైకే పెంచుతూ పోతే మొత్తం కొద్దికొద్దిగా పెరిగిపోతుంది గనుక సగం పైకి, సగం కిందికి పోయేలా ఈ ఏర్పాటు. ఏ సబ్జెక్టు పరీక్ష రాస్తున్నామో దాని నియమమే పాటించాలి.

ఎంతవరకు నమ్మవచ్చు?

గుణకారం, భాగహారంలో ఇచ్చిన సంఖ్యలలో దేనికి తక్కువ సార్థక అంకెలుంటే జవాబుకు అన్నే. 4.2 × 3.17 = 13.314 గాని, 4.2 కు రెండే గనుక జవాబు 13. కూడిక, తీసివేతలో మాత్రం దశాంశ స్థానాలు చూడాలి. 12.4 + 3.257 = 15.657, జవాబు 15.7. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెం దగ్గరే తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

ఈ నియమం కొలిచిన సంఖ్యలకు. లెక్కల పేపరులో "వ్యాసార్థం 0.7 మీటర్లు" అని ఇస్తే అది ఖచ్చితమనే భావించి చేస్తాం. నీళ్ళ ట్యాంకు స్థూపాకారం, వ్యాసార్థం 0.7 మీ., ఎత్తు 1.5 మీ. అనుకోండి. π = 22/7 తీసుకుంటే ఘనపరిమాణం 2.31 ఘనపు మీటర్లు, అంటే 2,310 లీటర్లు. పరీక్షలో ఇదే జవాబు. π = 3.14 తీసుకుంటే 2.3079 వస్తుంది. రెండింటిలో ఏది నిజం అని కొట్లాడుకోనక్కరలేదు. మూడు సార్థక అంకెలకు సవరిస్తే రెండూ 2.31 యే.

ఎందుకంటే 22/7 అంటే 3.142857..., అసలు π అంటే 3.141592.... మూడు అంకెల దాకా కలిసి, నాలుగో అంకె దగ్గర విడిపోతాయి. అంటే 22/7 పెట్టి చేసిన లెక్కలో నిజమైన వృత్తం గురించి మూడు అంకెలకు మించి చెప్పలేం. మన ఆర్యభటుడు క్రీ.శ. 499 లో ఆర్యభటీయంలో 20,000 వ్యాసమున్న వృత్తానికి పరిధి 62,832 అని చెప్పాడు. అంటే 3.1416. అంత బాగా చెప్పి కూడా దాన్ని "ఆసన్నం" అన్నాడు, దగ్గరి విలువ అని. ఖచ్చితమని గొప్పకు పోలేదు.

ఎవరెస్టు ఎత్తులో నిలిచిన అంకెలు

కొలతలో ఎన్ని అంకెలు నిలుస్తాయో తెలుసుకోవడానికి మన ప్రాంతానికి సంబంధమున్న కథ ఒకటి చెబుతాను. దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో పనిచేయడానికి జార్జి ఎవరెస్టు 1818 లో హైదరాబాదు వచ్చి కల్నల్ విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. 1819 లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ అడవి జ్వరంతో మంచానపడ్డాడు. కోలుకోవడానికి 1820 లో దక్షిణాఫ్రికాలోని కేప్ దాకా వెళ్ళవలసి వచ్చింది. మనలో ఎంతోమంది ఊళ్ళు ఇప్పటికీ ఆ అడవుల అంచునే ఉన్నాయి.

ఆయన రిటైరయ్యాక అదే సర్వే వాళ్ళు హిమాలయ శిఖరాలను మైదానం నుంచి కొలిచారు. పదిహేనో నంబరు శిఖరాన్ని ఆరు స్టేషన్ల నుంచి చూశారు. లెక్కలు కట్టిన వారిలో రాధానాథ్ సిక్దార్ పేరు ప్రసిద్ధం. 1856 లో ఆండ్రూ వా దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించాడు. తరువాత దానికి ఎవరెస్టు పేరు పెట్టారు.

దీని మీద ఒక కథ ప్రచారంలో ఉంది. లెక్కలో సరిగ్గా 29,000 వచ్చిందట. అలాగే చెబితే "వీళ్ళు కొలవలేదు, ఉజ్జాయింపుగా చెప్పారు" అనుకుంటారని రెండడుగులు కలిపారట! వినడానికి బాగుంది. చివరి సున్నాలు చూసి ఎవరూ నమ్మరన్న బాధ ఇందులో ఉంది. కానీ ఆరు స్టేషన్ల నుంచి వచ్చిన ఎత్తులు తీసుకుని సగటు కడితే 29,002.3 వస్తుంది. అంటే వాళ్ళు చేసింది 0.3 ను సవరించడమే.

అసలు గమనించవలసింది వేరే ఉంది. ఆ ఆరు ఎత్తులు దాదాపు 28,990 నుంచి 29,026 అడుగుల దాకా ఉన్నాయి. ఒకదానికొకటి ముప్పై ఆరడుగుల తేడా ఉన్నప్పుడు చివరి 2 మీద ఎంత నమ్మకం పెట్టుకోగలం? 2020 డిసెంబరు 8 న నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. 29,002 పక్కన 29,032 పెట్టి చూడండి. 2, 9, 0 నిలిచాయి, నాలుగో అంకె దగ్గర విడిపోయాయి. వంద మైళ్ళకు పైగా దూరం నుంచి, ఆనాటి పరికరాలతో మూడు అంకెలు నిలబడటమంటే చిన్న విషయం కాదు. కానీ ఐదు అంకెలు రాసినంత మాత్రాన ఐదూ తెలిసినట్టు కాదు.

సవరించే దిక్కు కూడా ముఖ్యమే

కొన్ని లెక్కల్లో దగ్గరి సంఖ్య పనికిరాదు. 118 మంది విహారయాత్రకు వెళ్ళాలి, బస్సులో 50 సీట్లు. 118 ÷ 50 = 2.36. నియమం ప్రకారం 2 కు దగ్గర. రెండు బస్సులు పెడితే 18 మంది గేటు దగ్గరే నిలబడాలి! జవాబు 3. ఇంకోటి. చొక్కాకు 2.25 మీటర్లు కావాలి, గుడ్డ 20 మీటర్లు ఉంది. 20 ÷ 2.25 = 8.888.... దగ్గరిది 9 అయినా కుట్టగలిగేది 8 యే. ఇలాంటి ప్రశ్నల్లో సంఖ్యను కాదు, సంగతిని చూసి సవరించాలి.

సంతలో కూడా ఇది తెలిసి ఉండాలి. చింతపండు నాలుగు గంపలు తెస్తే తూకం 5.750, 6.400, 4.850, 5.600 కిలోలు వచ్చిందనుకోండి. మొత్తం 22.600 కిలోలు. ప్రతి గంపకూ గ్రాములు వదిలేసి 5, 6, 4, 5 అని రాసుకుంటే 20 కిలోలే. 2.6 కిలోలు గాలికి పోయాయి. సవరించడమంటే కొన్ని పైకి, కొన్ని కిందికి పోవాలి. ఎప్పుడూ కొనేవాడి వైపే పోతే అది సవరణ కాదు, కోత. మనం అడగవలసింది ఒకటే. "అన్నా, గంప గంపకూ కొట్టేయొద్దు. అన్నీ కలిపి, చివర చూద్దాం." లెక్కల పేపరు నియమం సంతలో కూడా అదే.

గోరంతలు కొండంతలైన సందర్భాలు

కెనడాలోని వాంకూవర్ షేర్ మార్కెట్ సూచీ 1982 జనవరిలో 1000 తో మొదలైంది. రోజుకు ఎన్నోసార్లు దాన్ని మళ్ళీ లెక్కకట్టేవారు. ప్రతిసారీ మూడు దశాంశ స్థానాల తరువాత ఉన్నది సవరించకుండా కోసేసేవారు. 1983 నవంబరు నాటికి సూచీ 524.811 కు పడిపోయినట్టు కనిపించింది. సరిగ్గా లెక్కకట్టి చూస్తే 1098.892! మార్కెట్ పెరిగింది, లెక్క తరిగింది.

ఇంకొకటి ప్రాణాల మీదికి వచ్చింది. మన తిరుమలగిరిలోనే సైన్యం వారి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సైనిక యంత్రాల్లో లెక్క ఎంత ముఖ్యమో అక్కడ చదివేవాళ్ళకు తెలుసు. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఒక పేట్రియాట్ క్షిపణి కేంద్రం ఉండేది. దాని కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కించేది. మనకు 1/3 ఎలా 0.333... అని తెగదో, కంప్యూటరు వాడే ద్విసంఖ్యామానంలో 1/10 అలా తెగదు. దాన్ని 24 బిట్ల దగ్గర కోసేశారు. కోసింది సెకనులో కోటో వంతు. కానీ సుమారు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం 0.34 సెకను తప్పింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. ఫిబ్రవరి 25 న వచ్చిన స్కడ్‌ను ఆ కేంద్రం ఆపలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

ముందు రాయబోయే పరీక్షల్లో

పదో తరగతిలో మనకు స్టెప్పులు చూసేవారుంటారు. కంప్యూటరు పరీక్షల్లో స్టెప్పులు చూసేవారు ఉండరు, సంఖ్య ఒక్కటే చూస్తారు. జె.ఇ.ఇ. మెయిన్‌లో సంఖ్య రూపంలో రాసే జవాబులను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించమంటారు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ సంఖ్యా ప్రశ్నలకు రెండు దశాంశ స్థానాల సూచన ఇస్తూ వచ్చారు. గేట్ పరీక్షలో ఏ ప్రశ్నకు ఎన్ని దశాంశ స్థానాలో ఆ ప్రశ్న చివరే రాస్తారు. కేంబ్రిడ్జి వారి ఐ.జి.సి.ఎస్.ఇ. లెక్కల పేపరులో, వేరే ఏమీ చెప్పకపోతే మూడు సార్థక అంకెలు, కోణాలైతే ఒక దశాంశ స్థానం అని నియమం. ఊళ్ళు వేరైనా మాట ఒకటే. సూచన చదివినవాడిదే మార్కు.

నోటుబుక్కులో రాసుకోండి

1. ప్రశ్నలోని సూచన ముందు చదవాలి, కింద గీత గీసుకోవాలి.
2. ఉజ్జాయింపు అడగకపోతే π, √, భిన్నం అలాగే ఉంచాలి.
3. చివరి మెట్టులోనే, ఒక్కసారే సవరించాలి.
4. సవరించిన జవాబు ముందు "సుమారుగా" అని రాయాలి, ప్రమాణం మరువరాదు.
5. మనుషులు, బస్సులు, చొక్కాలు వస్తే సంగతి చూసి పైకో కిందికో పోవాలి.
6. డబ్బు లెక్క రెండు దశాంశ స్థానాలకు, అంటే పైసల దాకా రాయాలి.

సంఖ్య రాయడమంటే మాట ఇవ్వడం లాంటిది. తెలిసినంతే చెప్పాలి, తెలిసింది దాచకూడదు.

ఈ సంచిక లెక్క: మన వంటశాలలో పెద్ద గుండిగ స్థూపాకారంలో ఉంది. లోపలి వ్యాసార్థం 35 సెం.మీ., లోతు 40 సెం.మీ. అంచుదాకా సాంబారు ఉంది. గరిటెకు 180 మిల్లీలీటర్లు పడుతుంది. π = 22/7 తీసుకుంటే నిండు గరిటెలు ఎన్ని వస్తాయి? ఇంకో ప్రశ్న. ఆ కొలతలు టేపుతో సెంటీమీటరు దాకానే తీసినవైతే, వచ్చిన జవాబులో ఎన్ని అంకెలు నమ్మవచ్చు? జవాబు చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి గోడపత్రిక డబ్బాలో వేయండి. సరైన జవాబులు పంపినవారి పేర్లు వచ్చే సంచికలో వేస్తాం.